ఏమీ కాకపోతే అక్కర్లేదు

అమెరికాలో స్ప్రింగ్ బ్రేక్ సెలవులకి క్రూజ్ బుక్ చేసుకునే తెలుగు కుటుంబాల్లో పనులన్నీ ఒక వరసలో సాగుతాయి. ముందు డిపాజిట్ కడతారు. బాల్కనీ ఉన్న గదా, కిటికీ ఉన్న గదా అని వారం రోజులు తర్జనభర్జన పడతారు. నలుగురికీ ఒకే రంగు టీషర్టులు, వాటి వీపు మీద ఇంటిపేరు. ఆ తర్వాత వైఫై ప్యాకేజీ, కూల్‌డ్రింకుల ప్యాకేజీ, డాల్ఫిన్లతో ఈతకి టిక్కెట్లు. ఇవన్నీ అయ్యాక, ఓడ కదలడానికి మూడు వారాలుందనగా, రాత్రి పదకొండింటికి వాట్సాప్ గ్రూపులో ఒక ప్రశ్న వచ్చి పడుతుంది: "పిల్లలకి పాస్‌పోర్టులు కావాలా?"

జవాబు నిమిషంలో వస్తుంది. "అక్కర్లేదు వదినా. పోయినేడు మేం వెళ్లొచ్చాం. బర్త్ సర్టిఫికెట్ జిరాక్స్ చూపించాం, అంతే. ఎవ్వరూ ఏమీ అడగలేదు." దాని కింద ఏడు బొటనవేళ్లు లేస్తాయి. తీర్మానం నెగ్గుతుంది.

ఇందులో అబద్ధం ఒక్క ముక్క కూడా లేదు, అదే చిక్కు. ఒకప్పుడు అమెరికన్లు మెక్సికో, కెనడా, కరీబియన్ దీవులకి వెళ్లి పాస్‌పోర్టు లేకుండానే ఇంటికి తిరిగొచ్చేవారు. 2004లో కాంగ్రెస్ చేసిన చట్టంతో ఆ ధీమాకి గండి పడింది. విమానంలో వచ్చేవాళ్లకి 2007 జనవరి 23 నుంచి పాస్‌పోర్టు తప్పనిసరి చేశారు. నేల మీదా నీటి మీదా వచ్చేవాళ్ల వంతు 2009 జూన్ 1న వచ్చింది. ఆ రెండో విడతలో ఒక సందు మాత్రం వదిలిపెట్టారు. అమెరికాలో ఒక రేవు నుంచి బయల్దేరి, చుట్టుపక్కల దేశాలు చూసుకుని, మళ్లీ అదే రేవుకి చేరే ఓడలో వెళ్లే అమెరికన్ పౌరులకి బర్త్ సర్టిఫికెట్టు, ప్రభుత్వమిచ్చిన ఫొటో గుర్తింపు కార్డు ఉంటే చాలు. పదహారేళ్ల లోపు పిల్లలకైతే ఫొటో కార్డు కూడా అక్కర్లేదు. బర్త్ సర్టిఫికెట్ నకలైనా సరే.

అంటే ఆర్నెల్ల పసివాడు మెక్సికోలోని కాన్‌కూన్ నుంచి విమానంలో అమెరికా చేరాలంటే పాస్‌పోర్టు ఉండాలి. ఆ పక్కనే ఉన్న కొజుమెల్ దీవి నుంచి ఓడలో వస్తే జిరాక్స్ కాగితంతో సరిపెట్టుకోవచ్చు. ఆకాశంలో అనుమానాస్పదంగా కనిపించే పసివాళ్లు ఉప్పుగాలి తగలగానే సాధుజీవులైపోతారని ఎవరు కనిపెట్టారో గానీ, వాట్సాప్ గ్రూపుకి మాత్రం అది అమృతవాక్యం.

(గ్రూపు చెప్పడం మరిచే చిన్న సంగతి: సర్టిఫికెట్ ప్రభుత్వం జారీ చేసినదై ఉండాలి. ఆసుపత్రివాళ్లు ముచ్చటగా పసిపాప పాదముద్రలు అద్ది, బంగారు అంచు వేసి ఇచ్చిన కాగితం గోడకి తగిలించుకోవడానికే పనికొస్తుంది. మార్టినిక్, గ్వాడెలూప్ లాంటి ఫ్రెంచి దీవుల్లో ఆగే ఓడలైతే పాస్‌పోర్టు చూపించమంటాయి. "ఎవ్వరూ అడగలేదు" అన్నవారు ఏ ఓడలో ఏ దీవికి వెళ్లారో కనుక్కోవడం గ్రూపు మర్యాద కాదు.)

అసలు ఈ ఓడలు పనిగట్టుకుని పరాయి దేశం గడప తొక్కడం వెనక కూడా ఒక వినోదం ఉంది. 1886 నాటి ప్యాసింజర్ వెసల్ సర్వీసెస్ చట్టం ప్రకారం విదేశీ ఓడలు అమెరికా రేవు నుంచి అమెరికా రేవుకి నేరుగా ప్రయాణికుల్ని చేరవేయకూడదు. మయామీ, గాల్వెస్టన్ రేవుల్లో కనబడే మహానౌకలు దాదాపు అన్నీ బహామాస్, పనామా, బెర్ముడా, మాల్టా లాంటి చోట్ల రిజిస్టరైనవే. అందుకే సియాటిల్ నుంచి అలాస్కా వెళ్లే ఓడ కూడా ఓ సాయంత్రం కెనడాలోని విక్టోరియాలో ఆగి మొహం చూపించి వస్తుంది. మొత్తానికి ఓడకి విదేశీ పౌరసత్వం ఉంది, కాగితాలు సక్రమంగా ఉన్నాయి. అందులో ఎక్కే పిల్లాడికే లేవు.

ఓడ కంపెనీలు ఈ విషయంలో చూపించే లౌక్యం మెచ్చుకోదగ్గది. పాస్‌పోర్టు అవసరం లేదంటారు, కానీ ఉంటే మంచిదని గట్టిగా సిఫార్సు చేస్తారు. మొదటి మాట టిక్కెట్టు అమ్ముకోవడానికి, రెండోది తర్వాత చేతులు కడుక్కోవడానికి. ప్రభుత్వానిదీ అదే ధోరణి. సరిహద్దు కాపలా చూసే శాఖ జిరాక్స్ చాలంటుంది. పాస్‌పోర్టులు అచ్చేసే విదేశాంగ శాఖ, అర్జంటు వైద్యం కోసం విమానంలో తరలించాల్సి వచ్చినా, ఓడ వేరే రేవుకి చేరినా పనికొస్తుంది, పాస్‌పోర్టు పుస్తకం దగ్గర పెట్టుకోండి అంటుంది. ఇద్దరి మాటా వినే తీరిక ఎవరికీ ఉండదు కాబట్టి, ఖర్చు లేని మాటే చెవికెక్కుతుంది.

ఓడ వేరే రేవుకి చేరడమనేది ఊహకందని విడ్డూరమేమీ కాదు. 2013 ఫిబ్రవరి 7న కార్నివాల్ ట్రయంఫ్ అనే ఓడ టెక్సాస్‌లోని గాల్వెస్టన్ నుంచి బయల్దేరింది. నాలుగు రోజుల యాత్ర, కొజుమెల్ చూసి రావడం. టెక్సాస్ కుటుంబాలు వారాంతానికి కాస్త అటూ ఇటూ కలిపి చుట్టి వచ్చేసే రకం. ఓడలో 3,143 మంది ప్రయాణికులు, వెయ్యి మందికి పైగా సిబ్బంది. ఫిబ్రవరి 10 తెల్లవారుజామున ఇంజిన్ గదిలో మంటలు లేచాయి. మంటలు ఆర్పారు గానీ ఓడ కదల్లేదు. కరెంటు పోయింది. మరుగుదొడ్లు పనిచేయడం మానేశాయి. ఆ తర్వాత నడవల్లో ఏం పారిందో అమెరికన్ పత్రికలు పెట్టిన ముద్దుపేరు చెబుతుంది. దాన్ని భోజనాల వేళ చదివే పాఠకులుంటారు కాబట్టి ఇక్కడ వదిలేయడం మంచిది.

దగ్గర్లో ఉన్న మెక్సికో రేవు ప్రొగ్రెసోకి ఓడని లాక్కెళ్లాలని మొదట అనుకున్నారు. లాగుడు పడవలు వచ్చేలోగా సముద్ర ప్రవాహం ఓడని ఉత్తరానికి నెట్టుకుపోయింది. ప్రొగ్రెసో ఎంత దూరమో, అలబామాలోని మొబైల్ రేవూ దాదాపు అంతే దూరమయింది. చివరికి మొబైల్ వైపే మొగ్గు చూపారు. ప్రధాన కారణం ప్రవాహమే, కాదనలేం. కానీ కంపెనీ తన ప్రకటనలో ఇంకో కారణం కూడా చెప్పింది: ఓడలో దాదాపు 900 మందికి పాస్‌పోర్టులు లేవు, మెక్సికోలో దిగితే వాళ్లని అమెరికాలోకి తిరిగి తీసుకురావడం చిక్కవుతుంది.

ఆ 900 మందిలో ప్రతి ఒక్కరికీ ఎవరో ఒక బంధువు "అక్కర్లేదు" అని చెప్పే ఉంటారు. చెప్పినవాళ్లు ఎవరి ఇళ్లల్లో వాళ్లు, పనిచేసే మరుగుదొడ్లతో సుఖంగా ఉన్నారు. ఓడ ఫిబ్రవరి 14 రాత్రి మొబైల్ చేరింది. అక్కణ్ణుంచి ప్రయాణికుల్ని బస్సుల్లో పంపితే, అందులో ఒక బస్సు కూడా దారిలో చెడిపోయింది. దానికి మాత్రం పాస్‌పోర్టులతో ఏ సంబంధమూ లేదు.

ఇక్కడ గ్రూపులోని ఒక బావగారు అడ్డు తగులుతారు. "అంత పెద్ద ఆపదొస్తే కంపెనీయే చూసుకుంటుందండీ." నిజమే. అదే ఏడాది మే నెలలో బాల్టిమోర్ నుంచి వెళ్లిన గ్రాండియర్ ఆఫ్ ద సీస్‌లో మంటలు లేచినప్పుడు ఓడని బహామాస్‌లోని ఫ్రీపోర్టుకి చేర్చారు. రెండువేల పైచిలుకు ప్రయాణికుల్ని కంపెనీ విమానాలెక్కించి ఇంటికి పంపింది. టీవీ కెమెరాలు అన్నీ అటే తిరిగి ఉన్నప్పుడు కంపెనీలకీ ప్రభుత్వాలకీ దయ ఉప్పొంగుతుంది, మినహాయింపులు దొరుకుతాయి. కానీ ఏడేళ్ల పిల్లవాడికి కొజుమెల్‌లో రాత్రిపూట కడుపునొప్పి వచ్చి, అది అపెండిసైటిస్ అని తేలితే ఏ కెమెరా వస్తుంది? మిగతా మూడువేల మందినీ ఎక్కించుకుని ఓడ వేళకి కదిలిపోతుంది. అమ్మ, నాన్న, పిల్లవాడు, బర్త్ సర్టిఫికెట్ జిరాక్సూ ఆసుపత్రిలో మిగులుతారు. ఇంటికి దారి విమానమే. విమానానికి పాస్‌పోర్టు కావాలి. ఆ ప్రాంతాన్ని చూసే అమెరికన్ కాన్సులేట్ జనరల్ మెరిదాలో ఉంది. దీవి నుంచి ఫెర్రీలో ప్లాయా దెల్ కార్మెన్ చేరుకుని, అక్కణ్ణుంచి రోడ్డు మీద దాదాపు 300 కిలోమీటర్లు. అత్యవసర పాస్‌పోర్టు ఇస్తారు, ఇవ్వరని కాదు. కుట్లు పచ్చిగా ఉన్న పిల్లవాడితో ఆ కాగితాల పని ఎప్పటికి తెములుతుందన్నదే సందేహం. పోయినేడు ఎవ్వరూ ఏమీ అడగలేదన్నవారికి అపెండిక్స్ కూడా ఏమీ అడగకపోవడం వాళ్ల అదృష్టం.

పాస్‌పోర్టులున్నవాళ్ల పాట్లూ చిన్నవి కావు. 2024 మార్చిలో ఆఫ్రికా పశ్చిమ తీరం దగ్గరి సావో తోమే దీవిలో షికారుకి దిగిన ఎనిమిది మంది ఆలస్యంగా వచ్చేసరికి నార్వీజియన్ డాన్ ఓడ వాళ్లని ఎక్కించుకోలేదు. వాళ్ల పాస్‌పోర్టుల్ని మాత్రం ఒడ్డున ఏజెంటుకి అప్పగించింది. వాటితో దేశదేశాలు దాటుకుంటూ, చివరికి సెనెగల్‌లోని డకార్‌లో ఓడని పట్టుకున్నారు. అప్పగించడానికి పాస్‌పోర్టే లేకపోతే ఏం అప్పగిస్తారు? ఇంటిపేరు అచ్చేసిన టీషర్టునా?

ఇంతకీ ఈ పొదుపు ఎంతో చూద్దాం. పదహారేళ్ల లోపు పిల్లలకి పాస్‌పోర్టు పుస్తకం 100 డాలర్లు, దరఖాస్తు తీసుకున్నందుకు 35 డాలర్లు. ఐదేళ్లు చెల్లుతుంది, అంటే ఏడాదికి 27 డాలర్లు. డాల్ఫిన్‌కి ముద్దు పెట్టడానికి మారుమాట లేకుండా అంతకంటే ఎక్కువ కట్టిన కుటుంబం ఇక్కడికొచ్చేసరికి లెక్కల మాస్టారైపోతుంది. మధ్యేమార్గం వెతికేవాళ్లు పాస్‌పోర్టు కార్డుకి దరఖాస్తు చేస్తారు. పిల్లలకి 15 డాలర్లు, పైన అదే 35. జేబులో పట్టే చక్కటి కార్డు. భూమ్మీదా సముద్రం మీదా చెల్లుతుంది, విదేశాల నుంచి వచ్చే విమానానికి చెల్లదు. అసలు భయమంతా విమానం గురించే కదా! జిరాక్స్ కాగితానికి 50 డాలర్లు పెట్టి ప్లాస్టిక్ తొడుగు వేయించినట్టు.

అయితే తల్లిదండ్రుల్ని పూర్తిగా ఆడిపోసుకోవడం న్యాయం కాదు. పిల్లల పాస్‌పోర్టు తీయించడం డబ్బు ఖర్చు కంటే ఓపిక ఖర్చు. దరఖాస్తు ఇవ్వడానికి పిల్లవాడూ, అమ్మా, నాన్నా ముగ్గురూ వెళ్లాలి. ఇద్దరిలో ఒకరు రాలేకపోతే నోటరీ చేయించిన సమ్మతి పత్రం తేవాలి. పోస్టాఫీసులో అపాయింట్‌మెంట్ దొరికే రోజున నాన్నకి ఆఫీసులో ప్రొడక్షన్ రిలీజ్ ఉంటుంది. ఇంత చేసి సంపాదించిన పుస్తకం ఐదేళ్లకి ముగిసిపోతుంది. పెద్దవాళ్లలా పోస్టులో రెన్యువల్ కుదరదు, మళ్లీ మొదటి నుంచి ముగ్గురూ వరసలో నిలబడాల్సిందే. 2023 వసంతంలో మామూలు దరఖాస్తుకి పది నుంచి పదమూడు వారాలు పడుతుందని విదేశాంగ శాఖే ప్రకటించింది. పిల్లల్ని తీసుకుని దేశం దాటడం ఒక తల్లికో తండ్రికో ఒంటరిగా సాధ్యపడకూడదన్న ఉద్దేశం మంచిదే. ఆ జాగ్రత్తంతా పడ్డాక, ఓడలో మాత్రం జిరాక్స్ చాలనడమే అర్థం కాని సంగతి.

తెలుగువాళ్ల కథలో ఇంకో మెలిక ఉంది. చాలా ఇళ్లల్లో పిల్లలకి పాస్‌పోర్టు ఒకసారి తీశారు. పుట్టిన రెండో నెలలోనే, తాతమ్మలకి చూపించడానికి హైదరాబాదో విజయవాడో వెళ్లాలి కాబట్టి. బోసినవ్వు ఫొటోతో ఉన్న ఆ పుస్తకం బీరువాలో భద్రంగా ఉంటుంది. అది ఎప్పుడో చెల్లకుండా పోయిందన్న సంగతి క్రూజ్ బుక్ చేశాకే తెలుస్తుంది. ఇండియా వెళ్లడానికి నెలల ముందు నుంచి కాగితాలు సర్దుకునే ఇల్లు, మెక్సికో వెళ్లడానికి ఒక్క రోజు కూడా కేటాయించదు. తాతగారి ఊరు విదేశం, మెక్సికో మాత్రం పక్కవీధి.

పైగా పాస్‌పోర్టు ఉన్నా బర్త్ సర్టిఫికెట్‌ని ఇంట్లో వదిలి వెళ్లడం మంచిది కాదు. అమెరికన్ పాస్‌పోర్టులో తల్లిదండ్రుల పేర్లుండవు. అమ్మ భారతీయ పాస్‌పోర్టులో పుట్టింటి పేరుంటుంది, పిల్లవాడికి నాన్న ఇంటిపేరు. నాన్న రాకుండా అమ్మ ఒక్కతే తీసుకెళ్తుంటే, ఈ పిల్లవాడు నీ కొడుకేనా అని అధికారి అడిగినప్పుడు చూపించాల్సింది ఆ సర్టిఫికెట్టే. దాంతోపాటు నాన్న సంతకంతో నోటరీ చేసిన ఉత్తరం ఉంటే మరీ మంచిదని సరిహద్దు శాఖ సలహా.

ఇక అసలు తమాషా. పిల్లవాడి కాగితం గురించి గ్రూపులో అర్ధరాత్రి దాకా చర్చ సాగుతుందే, ఆ పిల్లవాడు అమెరికన్ పౌరుడు. ఎంత తిప్పలు పెట్టినా చివరికి వాణ్ణి దేశంలోకి రానివ్వక తప్పదు. హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్న నాన్న సంగతి అలా కాదు. ఆయన దగ్గర ఉద్యోగానికి అనుమతిచ్చిన ఐ-797 అప్రూవల్ ఉంది, దేశంలో ఉండే గడువు చెప్పే ఐ-94 ఉంది. పాస్‌పోర్టులో వీసా స్టాంపు మాత్రం నిరుడే ముగిసింది. "పక్క దేశాలకి ముప్పై రోజుల్లోపు వెళ్లొస్తే పాత స్టాంపుతోనే రానిస్తారు అన్నయ్యా" అని ఇంకో బొటనవేలు లేచింది. అదీ నిజమే, సగం వరకు. ఆ ఆటోమేటిక్ రీవాలిడేషన్ హెచ్-1బీ వాళ్లకి కెనడా, మెక్సికోలకే వర్తిస్తుంది. కరీబియన్ దీవుల వెసులుబాటు ఎఫ్, జే వీసాల మీద చదువుకునేవాళ్లకి ఇచ్చారు. వీళ్లు బుక్ చేసుకున్న ఓడ కొజుమెల్‌తో ఆగదు, నాసౌ కూడా వెళ్తుంది. నాసౌ బహామాస్‌లో ఉంది.

గాల్వెస్టన్ రేవులో చెక్-ఇన్ కౌంటర్ దగ్గర ఉద్యోగిని పిల్లవాడి జిరాక్స్ కాగితం చూసి నవ్వుతూ స్టిక్కర్ ఇస్తుంది. తర్వాత నాన్నగారి పాస్‌పోర్టు అందుకుని, వీసా పేజీ తిప్పి, పక్క కౌంటర్‌లోని సూపర్‌వైజర్‌ని పిలుస్తుంది.