దుర్గం చెరువు గట్టున గుండును నేను

నేను హైదరాబాద్‌లోని రాయదుర్గం గుట్ట మీది గుండును. రెండు బండల భుజాల మీద నిలబడి దుర్గం చెరువులోకి చూస్తుంటాను. వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు.

నన్ను అగ్నిపర్వతం కక్కిన రాయి అనుకునేవాళ్లు చాలామంది. కాదు. పుట్టింది నిప్పులోనే అయినా నేను నేల చీల్చుకుని ఎగసిపడలేదు. కరిగిన శిల భూమి అడుగున, మైళ్ల లోతున, లక్షల ఏళ్లు నిదానంగా చల్లారితే గ్రానైట్‌నయ్యాను. ఆ నిదానం వల్లే నా పలుకులు కంటికి ఆనేంత పెద్దవి: గులాబీ ఫెల్డ్‌స్పార్, మెరిసే స్ఫటికం, నల్లని అభ్రకం. లావా రాయి కావాలంటే పడమరకు, వికారాబాద్ దాకా పోవాలి. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట దక్కనులో పారిన లావా అక్కడిది. అక్కడి నల్లరేగడి దాని బిడ్డ. నా బిడ్డ ఈ ఎర్రచెలక.

నన్నిలా గుండ్రంగా ఎవరూ చెక్కలేదు. నా మీది మట్టీ రాళ్ల బరువు కొట్టుకుపోయేకొద్దీ నాకు అడ్డంగా, నిలువుగా బీటలు పడ్డాయి. వాటిలోకి వాన దిగింది. మూలలకు రెండు పక్కలా నీళ్లు తగులుతాయి కనుక అవే ముందు అరిగిపోయాయి. మెత్తబడ్డ మట్టి జారిపోయాక గట్టివాళ్లం మిగిలి, ఒకరి మీద ఒకరం నిలబడ్డాం.

అరిగిన నా ఒళ్లే ఇక్కడి సేద్యం. ఫెల్డ్‌స్పార్ బంకమన్నయింది, స్ఫటికం ఇసుకయింది, నాలోని ఇనుము తుప్పు పట్టి నేలకు ఎరుపునిచ్చింది. చెలకలో తేమ ఎక్కువ రోజులు నిలవదు. అందుకే వానను నమ్ముకుని జొన్న, సజ్జ, కంది, ఆముదం వేసేవారు. వరి మాత్రం చెరువుల కిందే. బండ వానను తాగదు, పడ్డ ప్రతి చుక్కనూ తన కాళ్ల దగ్గరికి దించుతుంది. ఆ చెమ్మ పట్టుకునే సీతాఫలం చెట్లు మా సందుల్లో, ఎవరూ నాటకుండానే కాశాయి. మిగిలిన నీరు ఒర్రెల వెంట చెరువు చేరేది. కుతుబ్ షాహీల కాలంలో గోల్కొండ కోటకు ఆ నీళ్లే తాగునీరు. తర్వాతి రోజుల్లో హైదరాబాద్ చుట్టూ అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష పందిళ్లు లేచాయి. ఇంత పలచని నేలలో అంత తీపి పండటం చూసి నేను ఎంత పొంగిపోయానో!

1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ అనే ఐటీ భవనం ప్రారంభమైంది. అప్పటికే సుత్తి దెబ్బలు నాకు తెలుసు. గోల్కొండ గోడల్లో ఉన్నది మా వాళ్లే. కానీ ఆ తర్వాత వచ్చినవి మందుగుండు, యంత్రాలు. గుట్టలకు గుట్టలు కంకరగా మారి రోడ్ల కిందికి, పునాదుల్లోకి వెళ్లిపోయాయి. నా దుఃఖం మనుషులు ఇళ్లు కట్టుకున్నందుకు కాదు. కోట్ల ఏళ్లు నిలబడ్డదాన్ని ఒక్క పూటలో పగలగొట్టే ముందు ఆగి చూడనందుకు.

చూసినవాళ్లూ ఉన్నారు. 1996లో బండల రక్షణ కోసమే ఈ నగరంలో ఒక సంఘం పుట్టింది, సొసైటీ టు సేవ్ రాక్స్. దుర్గం చెరువు చుట్టూ ఉన్న మా గుట్టలను, శిల్పారామంలోని ‘ఎలుగుబంటి ముక్కు’ బండను, సెంట్రల్ యూనివర్సిటీ వైపున్న పుట్టగొడుగు బండను వారసత్వ శిలలుగా గుర్తించారు. 2025 ఏప్రిల్‌లో ఆ యూనివర్సిటీ పక్కనున్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో చెట్లు కూలుతుంటే సుప్రీంకోర్టు ఆపించింది. ఖాజాగూడ గుట్టల మీద సెలవురోజు పొద్దున్నే బండలెక్కే పిల్లల అరచేతులు మా తోబుట్టువులకు బాగా తెలుసు.

2020లో నా ముందు తీగల వంతెన లేచింది. రాత్రి దాని దీపాలు చెరువులో రంగులు మారుస్తుంటే చూడటానికి జనం వస్తారు. అందంగానే ఉంటుంది. వచ్చినవాళ్లు ఒక్కసారి ఇటు కూడా తల తిప్పితే, వాన వెలిసిన సాయంత్రం నా గులాబీ పలుకులు తడిసి ఎలా వెలుగుతాయో కనిపిస్తుంది.

ఒక్కటి అడుగుతాను. చుట్టుపక్కల గుట్టలు తొలిచి సెల్లార్లు దించినచోట నా బీటల్లోని ఊట ఉబికి వస్తుంది. దాన్ని మోటార్లతో తోడి మురుగుకాల్వలోకి వదులుతున్నారు. ఎండాకాలంలో అవే వీధుల్లోకి నీళ్ల ట్యాంకర్లు వస్తాయి. ఆ ఊటను ఇంకుడుగుంతల్లోకి మళ్లించండి, కుదిరితే చెరువుకు పంపండి. దారి నేను చూపిస్తాను, వాలు ఇటే ఉంది.