పగలని గంట

ఆ గోపురంలో మేం ఐదు గంటలం ఉండేవాళ్లం. అందరిలోకీ పెద్దదాన్ని నేను, మూడున్నర టన్నుల కంచును. వెనిస్ వాళ్లు నన్ను మరంగోనా అంటారు. ఆర్సెనాలె ఓడల కార్ఖానాలోని వడ్రంగులను పొద్దున్నే పనిలోకి పిలవడం, పొద్దుగూకాక ఇళ్లకు పంపడం మా వంశంలో పెద్దగంటకు తరతరాలుగా వచ్చిన కొలువు. నోనా మధ్యాహ్నం మోగేది. ట్రొత్తియేరా సభకు ఆలస్యమయ్యే ప్రభువులను తొందరపెట్టేది. ప్రెగాది సెనేట్‌ను పిలిచేది. ఉరిశిక్షల రోజున మోగాల్సిన బాధ మలేఫీచో పాలబడింది.

మేమున్న ఆ సెయింట్ మార్క్ గోపురం మీద ఎన్ని పిడుగులు పడ్డాయో! 1511లో భూకంపం కుదిపింది. 1609లో గెలీలియో తన దూరదర్శిని తెచ్చి నగర పెద్దలకు చూపించింది ఈ గోపురం మీదే. పిడుగులను మళ్లించే కడ్డీ 1776లో వచ్చింది. ఇన్ని తట్టుకున్న కట్టడం కూలుతుందని ఎవరనుకుంటారు?

1902 జులైలో గోపురాన్ని ఆనుకుని ఉన్న లొజ్జెత్తా మండపం పైకప్పు బాగుచేస్తూ, గోడలోకి దిగి ఉన్న రాతి పట్టీని తొలగించారు. ఉత్తరపు గోడలో పగులు పుట్టి, రోజురోజుకీ పైకి పాకింది. 13వ తేదీ సాయంత్రం, అదురుకు గోడ కదులుతుందేమోనని, చౌకులో జరగాల్సిన బ్యాండు కచేరీ ఆపేశారు. మర్నాడు పొద్దున్నే జనాన్ని దూరంగా పంపేశారు. పది గంటలు కావడానికి కాస్త ముందు 98 మీటర్లకు పైగా ఎత్తున్న గోపురం నిలువునా తనలోకి తానే కుంగిపోయింది. సాన్సొవీనో చెక్కిన లొజ్జెత్తా నుజ్జయింది, పక్కనున్న గ్రంథాలయం మూల విరిగింది. మనిషి ప్రాణం ఒక్కటీ పోలేదు. కాపలాదారు పిల్లి మాత్రం పోయిందంటారు.

ఇటుకల గుట్టలోంచి నన్ను చెక్కుచెదరకుండా తీశారు. మిగిలిన నలుగురూ ముక్కలైపోయారు. బతికి బయటపడ్డానన్న సంతోషం నాకు లేదు.

మళ్లీ కట్టొద్దన్న వాళ్లూ ఉన్నారు. కానీ నగరసభ ఆ సాయంత్రమే 5 లక్షల లీరాలు కేటాయించింది: ఉన్నచోటే, ఉన్నట్టే కట్టాలని. పాత పునాది దుంగలు చెడిపోలేదు. వాటి చుట్టూ మూడు వేలకు పైగా లార్చ్ దుంగలు కొత్తగా దిగగొట్టి పునాదిని వెడల్పు చేశారు. కొత్త గోపురం పాతదానికన్నా సుమారు 2,000 టన్నులు తేలిక. లొజ్జెత్తాను ముక్కా ముక్కా ఏరి అతికించారు. ఈ గోపురం కొత్తది, అనుకరణ అని అనేవాళ్లకు నేను చెప్పేదొకటే: నా నలుగురు తోబుట్టువుల కథ వినండి.

విరిగిన ముక్కలను జతచేసి వాళ్ల పాత ఆకారాన్ని రాబట్టారు. ఆ కంచునే కరిగించి, 1909లో సాంత్ ఎలెనా దీవిలో తిరిగి పోత పోశారు. ఖర్చు పోప్ పదో పయస్‌ది. గోపురం కూలినప్పుడు ఆయన వెనిస్ మతాధిపతి. సంగీతజ్ఞులు వచ్చి కొత్త గంటల స్వరం నా స్వరంతో కలుస్తోందో లేదో పరీక్షించారు. పాత స్వరం నా ఒక్కదానిలోనే మిగిలింది కదా, అందుకే నేనే శ్రుతినయ్యాను. 1912 ఏప్రిల్ 25న, సెయింట్ మార్క్ పండుగ నాడు, గోపురం ప్రారంభమైంది. ఐదుగురి స్వరమూ కలిసి నీళ్ల మీదుగా దీవులకు వెళ్లింది.

ఈ శతాబ్దంలో పునాదిలో పగుళ్లు కనబడితే, చుట్టూ టైటానియం కడ్డీలు బిగించారు. 1902లో కూడా పగులు కనబడింది. అప్పుడు ఇంత శ్రద్ధ సమయానికి దొరికి ఉంటే, నా నలుగురికీ రెండోసారి కొలిమికి వెళ్లే గతి పట్టేది కాదు.