గేరుబాక్సు దించాలె!

ఈ మాట నా చెవిన పడినప్పుడల్లా నాలో పళ్ళు ఝల్లుమంటాయి. నేను అంబాసిడర్ గేరుబాక్సుని. పుట్టింది ఉత్తరపారా హిందుస్థాన్ మోటార్స్ ఫ్యాక్టరీలో. మా తాతముత్తాతలది ఇంగ్లండు, మోరిస్ ఆక్స్‌ఫర్డ్ వంశం. 2014లో ఆ ఫ్యాక్టరీలో అంబాసిడర్ల తయారీ ఆగింది. నేను మాత్రం మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు సావుకారు కారు కింద ఇంకా తిరుగుతూనే ఉన్నాను.

నా కష్టమంతా నాకూ గేరు కడ్డీకీ మధ్య ఉన్న దూరంలోనే ఉంది. ముందు సీట్లో ముగ్గురు కూర్చోవాలని కడ్డీని స్టీరింగ్‌కు తగిలించారు. నేనేమో వాళ్ళ కాళ్ళ కింద. చేతి మాట నాకు చేరవేసేది మధ్యలోని రాడ్లు. అవి తప్పు చెబితే తిట్లు నాకు.

మొన్న పెళ్ళికని కోదాడ బయల్దేరాం. సూర్యాపేటలో చాయ్ తాగి కదలబోతే కడ్డీ బిగుసుకుపోయింది. డ్రైవర్ బానెట్ ఎత్తి, స్టీరింగ్ గొట్టం అడుగున మీటలను చేత్తో కదిపాడు. పడింది. వంద గజాలు పోయాక మళ్ళీ అదే తంతు. పక్కనున్న షెడ్డులో తొంగి కూడా చూడకుండానే తేల్చేశారు: “గేరుబాక్సు దించాలె సేటూ.”

సావుకారుకు ముహూర్తం తొందర. ఎలాగో మూడో గేరు వేయించుకుని హైవే ఎక్కారు. ఆగిన చోటల్లా మూడో గేరులోనే లేపేసరికి పాపం క్లచ్ ప్లేటు కమురు కంపు కొట్టింది.

కోదాడలో ముసలి మేస్త్రి వేరే రకం. “ఇంజన్ బంద్ జేసి గేర్లెయ్ తమ్మీ” అన్నాడు. ఆపినప్పుడు సాఫీగా పడి, స్టార్ట్ చేస్తే గరగరమంటే క్లచ్ పూర్తిగా విడవడం లేదన్నమాట. నా గేర్లు ఆపినా పడలేదు. కిందికి దూరి రాడ్లు విప్పి, నా మీటను వేళ్ళతో నెట్టాడు. టక్, టక్. నాలుగు గేర్లూ పడ్డాయి, రివర్సూ పడింది. అన్నేళ్ళలో నన్ను నేరుగా అడిగినవాడు అతనొక్కడే.

అప్పుడు రాడ్ల కొసలు పట్టి ఊపాడు. బుష్‌లు అరిగిపోయాయి. గుండ్రంగా ఉండాల్సిన కన్నం కోడిగుడ్డులా సాగింది. కడ్డీ ఒక గేరు వదలకముందే రాడ్డు ఇంకో గేరు వైపు లాగుతోంది. జామ్ కాక ఏమవుతుంది? గ్రీజు పెట్టి ఎన్నాళ్ళయిందో! పెట్టాల్సిన చోట మిల్లు ఊక దుమ్ము అట్టకట్టి ఉంది. కొత్త బుష్‌లు వేసి, రాడ్ల పొడవు సరిచేసి, గ్రీజు దట్టించాడు. నాలో ఆయిల్ కూడా చూశాడు, తక్కువే ఉంది.

ఒక్కటి మాత్రం ఒప్పుకుంటాను. మొదటి గేరుకు నాలో సింక్రో లేదు. బండి పూర్తిగా ఆగకుండా వేస్తే కర్రుమంటాను. అది జబ్బు కాదు, పుట్టుక. మేస్త్రి డ్రైవర్‌కు ఆ మాట రెండుసార్లు చెప్పాడు.

పెళ్ళి అయ్యాక తిరుగు దారిలో హుజూర్‌నగర్ మీదుగా వెన్నలా వచ్చాం. మిల్లు గేటు దగ్గర బండి ఇంకా దొర్లుతుండగానే డ్రైవర్ మొదటి గేరు వేశాడు.

కర్ర్ర్...

వెనక సీట్లో సావుకారు ఉలిక్కిపడ్డాడు. “ఏందిరా, మళ్ళ గేరుబాక్సేనా?”