గాలి కబుర్లు

మా ఇంట్లో నా మాటకి విలువ లేదన్నది పాత సంగతే. కొలనోస్కోపీ అయ్యాక ఆసుపత్రివాళ్లు దాన్ని కాగితం మీద రాసి, ముద్రేసి మరీ ఇచ్చారు. 24 గంటలు ఈయన బండి నడపకూడదు, ఒంటరిగా ఉండకూడదు, ముఖ్యమైన కాగితాల మీద సంతకం పెట్టకూడదు. "24 గంటలేనా సిస్టర్, పొడిగించరా?" అని మా ఆవిడ హిందీలో అడిగింది.

మత్తు దిగిందనే అనుకున్నాను. డాక్టరుగారు వచ్చి పేగులో చిన్న పాలిప్ (కండబుడిపె) తీశామనీ, బయాప్సీకి పంపామనీ చెప్తుంటే తలాడిస్తూ తెలివైన ప్రశ్నలు కూడా వేశానట. నాకొక్క ముక్క గుర్తులేదు. ఆ మందుల గుణమే అంత: నోరు పనిచేస్తుంది, జ్ఞాపకం పనిచెయ్యదు. ఆ నోటితోనే కరోల్‌బాగ్ తీసుకెళ్లి బంగారు గాజులు కొంటానని మాటిచ్చానట. నా సంతకం చెల్లదని కాగితం చూపించాను. "సంతకం ఎవరడిగారండీ, కార్డు చాలు" అంది.

అసలు పరీక్ష ఇంటికొచ్చాక మొదలైంది. పేగు మడతలు విప్పి చూడ్డానికి లోపలికి గాలో, కార్బన్ డయాక్సైడో ఊదుతారు. తీసెయ్యగా మిగిలింది మనమే వదుల్చుకోవాలి. దానికి మందు నడక. నోయిడాలో నవంబరు నెల, కిటికీ తీస్తే పొగ. బయటిగాలి లోపలికి రాకూడదు, లోపలిగాలి బయటికి పోవాలి! హాల్లోనే పచార్లు మొదలుపెట్టాను. రాజమండ్రి నుంచి వచ్చిన మా అత్తగారు వంటింట్లోంచి "అమ్మాయ్, అల్లుడుగారికి ఇంకా కాలేదుటే?" అని ఒకటే వాకబు. ఒకప్పుడు నా కాళ్లు కడగడానికి నీళ్లు పోసిన చేతులవి. చివరికి చప్పుడు కాకుండానే పని కానిచ్చాననుకున్నాను. మూలనున్న ఎయిర్ ప్యూరిఫయర్ పచ్చలైటు కాస్తా ఎర్రబడి, ఫ్యాను హోరెత్తింది. "హమ్మయ్య, అయిందే!" అన్నారు అత్తగారు.

ఆంధ్రా భవన్ క్యాంటీన్లో కందిపొడీ నెయ్యీ కలుపుకుందామని ఉపవాసమంతా కలలు కన్నాను. దొరికింది పెరుగన్నం. ముందు తేలిగ్గా తిని, అది పడితేనే మామూలు తిండన్నారు. మర్నాడు కూడా కడుపు కదల్లేదని కంగారుగా ఫోన్ చేస్తే, "అంతా కడిగేశాక లోపలేముందని వస్తుంది?" అన్నారు డాక్టరు. ఒకటి రెండు రోజులు ఆలస్యం మామూలేనట.

తోడు వెళ్లేవారికి ఒక మనవి. డాక్టరు చెప్పేది మీరు వినండి, రాసుకోండి. పేషెంటు తలాడింపుని నమ్మకండి. నోట్లోంచి చేసే ఎండోస్కోపీ అయితే గొంతు తిమ్మిరి వదిలేదాకా మంచినీళ్లు కూడా ఇవ్వకండి. తర్వాత ఒకటి రెండు రోజులు గొంతు గరగరలాడినా భయం లేదు. పాలిప్ తీశాక విరేచనంలో కాస్త రక్తపుచార కనిపించినా ఫర్వాలేదు. కానీ రక్తం ఎక్కువగా పోయినా, గడ్డలు పడినా, విరేచనం నల్లగా అయినా, తగ్గని కడుపునొప్పి, జ్వరం, ఆగని వాంతులు, ఆయాసం వచ్చినా గాలేలే అని సరిపెట్టుకోకండి. పాలిప్ తీసినచోట రెండు వారాల దాకా రక్తస్రావం మొదలయ్యే వీలుంది. వీటిలో ఏది కనిపించినా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. బండి మాత్రం మీరే నడపండి.