పూడినంత ప్రగతి

హైదరాబాద్ మహానగరంలో ఏటా క్రమం తప్పకుండా పెరిగేవి రెండున్నాయి. ఒకటి నాలాల్లో పూడిక. రెండోది, ఆ పూడికను ఎన్ని టన్నులు తీశామో చెప్పే అంకె. మొదటిది ఎంత పేరుకుంటే రెండోది అంత నిండుగా కనిపిస్తుంది. అందుకే నగరాన్ని ఏలేవాళ్లకు పూడిక మీద కోపం ఉండదు. అన్నం పెట్టేదాని మీద ఎవరికైనా కోపం ఎందుకుంటుంది?

వార్షిక ప్రగతి నివేదిక చదవడం రాక జనం అనవసరంగా ఆడిపోసుకుంటారు గానీ, అదంత కష్టమేమీ కాదు. అందులో అంకెలన్నీ చేసిన పనివే. పూడ్చిన గుంతలు, ఎత్తిన చెత్త, ‘పరిష్కరించిన’ ఫిర్యాదులు, బండెక్కించి తీసుకెళ్లి ఆపరేషన్ చేయించి మళ్లీ అదే గల్లీలో దించిన కుక్కలు. గుంత ఎందుకు పడిందన్న గడి ఉండదు. నిరుడు పూడ్చిన గుంతనే ఈ ఏడూ పూడ్చారా అన్న గడి అసలే ఉండదు, ఉంటే లెక్క సగానికి పడిపోతుంది. గుంతలు పడని రోడ్డు వేయించిన ఇంజినీరు గతి ఏమవుతుందో ఒక్కసారి ఊహించండి. సమీక్ష సమావేశంలో పక్క సర్కిల్ ఆయన వేలల్లో గుంతలు పూడ్చామని ఛాతీ విరుచుకుని చెబుతుంటే, ఈయన చేతులు నలుపుకుంటూ ‘మా దగ్గర గుంతల్లేవండీ’ అనాలి. పని చేయలేదనే కదా రాసుకుంటారు!

ఇక పూడిక వైభవం చూడాలంటే ఎండాకాలం చివర్లో ఏ బస్తీ నాలా దగ్గరికైనా వెళ్లండి. జేసీబీ వస్తుంది. ఫొటో తీసేవాళ్లు వస్తారు. నాలాలోంచి నల్లటి బురద, అందులో పరుపులు, కొబ్బరి బోండాలు, సగం విరిగిన ప్లాస్టిక్ కుర్చీలు, అన్నీ లేచి గట్టు మీద కుప్ప పడతాయి. గట్టు మీదే ఎందుకు పోశారని అడగండి. మేస్త్రీ చెప్పే జవాబు న్యాయంగానే ఉంటుంది: “తడి బురద లారీల ఎట్ల ఎత్తుతం సార్, ఆరాలె గద!”

ఆరాలంటే నాలుగెండలు కాయాలి. రోహిణి కార్తె ఎండలు కాస్తాయి కూడా. కానీ లారీ రావడానికి ఇంకో కాంట్రాక్టు, దానికింకో సంతకం. సంతకం ఇంకా ఆరుతుండగానే మృగశిర కార్తె వచ్చేస్తుంది. మొదటి వానకే గట్టు మీది పూడిక నడుచుకుంటూ సొంతింటికి చేరుతుంది. తీసినందుకు బిల్లుంది, తిరిగి వెళ్లినందుకు నయాపైసా ఖర్చు లేదు. రవాణా ఛార్జీ ఇంత చవగ్గా పడే పథకం దేశంలో ఇంకొకటి చూపించండి.

ఈ కిటుకు తెలియకే పాతకాలం వాళ్లు వెనకబడిపోయారు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని ఊడ్చేసింది. వేల ప్రాణాలు పోయాయి. నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపిస్తే, వరదను ఊరి ఎగువనే ఆపాలని ఆయన చెప్పాడు. 1912లో నగరాభివృద్ధి బోర్డు పెట్టారు. 1920 నాటికి మూసీ మీద ఉస్మాన్ సాగర్, 1927 నాటికి ఈసీ మీద హిమాయత్ సాగర్ కట్టేశారు. అంతే, కట్టి ఊరుకున్నారు! అదే వరదకు ఏటా ఒక పథకం, ఏటా ఒక శంకుస్థాపన పెట్టుకోవచ్చన్న ఊహే వాళ్లకు తట్టలేదు. ఒక్కసారిగా పూర్తి చేసి, తర్వాత వచ్చేవాళ్లకు దశాబ్దాల పాటు చెప్పుకునే ప్రగతి లేకుండా చేశారు.

మనం ఆ తప్పు చేయలేదు. 2000 ఆగస్టులో నగరం మునిగింది. 2003లో కిర్లోస్కర్ నివేదిక వచ్చింది. నాలాలు వెడల్పు చేయాలి, ఆక్రమణలు తీయాలి అన్నది దాని సారాంశం. నివేదికను భద్రంగా దాచారు. 2020 అక్టోబరులో టోలిచౌకి నదీం కాలనీలో పడవలు తిరిగినప్పుడు బయటికి తీసి చూసుకుంటే, అందులో రాసిందంతా ఇంకా పనికొస్తూనే ఉంది. పదిహేడేళ్లు పాతబడని ప్రభుత్వ కాగితం ఇంకెక్కడైనా ఉంటుందా? 2021లో వ్యూహాత్మక నాలాల అభివృద్ధి కార్యక్రమం మొదలైంది. తొలి దశకు రూ.985 కోట్లు. కొన్ని కాలనీలకు నిజంగానే మేలు జరిగింది, కాదనకూడదు. కాకపోతే వెడల్పు చేసిన నాలా వెళ్లి వెడల్పు చేయని నాలాలో కలిసినచోట నీళ్లు కాసేపు ఆగి ఆలోచిస్తాయి.

ఆ 2020 వరదకు ఇంటికి పది వేల రూపాయల సాయం ప్రకటించారు. పంపకం సగంలో ఉండగా నగరపాలక ఎన్నికలు వచ్చి పడ్డాయి, కోడ్ అడ్డొచ్చి సాయం ఆగింది. డిసెంబరు 1న పోలింగ్. నూటికి 46 మందికి కాస్త అటూ ఇటూగా వచ్చి ఓటేశారు. మిగతావాళ్లు ఇల్లు ఆరబెట్టుకుంటున్నారని నేను అప్పట్లో వాదించాను, ఎవరూ ఒప్పుకోలేదు.

రోడ్ల సంగతికొస్తే ప్రగతి మూడింతలు. 2019 చివర్లో 709 కిలోమీటర్ల ప్రధాన రహదారులను అయిదేళ్ల నిర్వహణకు ప్రైవేటు ఏజెన్సీలకు అప్పగించారు, రూ.1,800 కోట్లకు పైగా లెక్కతో. పెద్ద రోడ్లు బాగానే నున్నబడ్డాయి. లోపలి గల్లీలు మాత్రం పాత సంప్రదాయాన్ని వదల్లేదు. అక్కడ కొత్త సీసీ రోడ్డు తడి ఆరాకే దాని కింద మంచినీటి పైపు వేయాల్సిన సంగతి గుర్తొస్తుంది. పైపు వేసి మట్టి కప్పాక డ్రైనేజీ వాళ్లు వస్తారు, వాళ్లు వెళ్లాక కేబుల్ వాళ్లు. అందరూ పోయాక తవ్వినచోట మళ్లీ ప్యాచ్ వర్క్. రోడ్డు ఒక్కటే, ప్రగతి మాత్రం అన్ని శాఖల నివేదికల్లోనూ కిలోమీటర్ల చొప్పున నమోదవుతుంది. శాఖల మధ్య సమన్వయం లేదని పత్రికలు రాస్తుంటాయి గానీ, ఇంత వరస తప్పకుండా ఒకరి తర్వాత ఒకరు రావడం సమన్వయం కాకపోతే మరేమిటి?

చెత్త దగ్గర ప్రభుత్వ మేధస్సు ఇంకో మెట్టెక్కింది. ఇంటింటికీ రెండు రంగుల బుట్టలన్నారు. తడిదొకటి, పొడిదొకటి, 22 లక్షల ఇళ్లకు 44 లక్షల బుట్టలు. తెలుగింటి ఇల్లాలు కొత్త బుట్టలో చెత్త వేస్తుందా? మూతున్న బుట్ట! బియ్యానికొకటి, నల్లా నీళ్లకొకటి సర్దుకుంది. ఆ తర్వాత వీధుల్లో కుండీలు ఉంటే కదా చెత్త కనిపించేది అని కుండీలు తీసేశారు. కుండీ పోయింది, అలవాటు పోలేదు. జనం ఖాళీ అయిన ఆ చోటికే వచ్చి, గాల్లో కుండీని ఊహించుకుని అందులోకే విసురుతున్నారు. అలాంటి చోట్లకు ప్రత్యేకంగా ఒక ఇంగ్లిషు పేరు, పొడి అక్షరాల్లో జీవీపీ. వాటిని ఊడ్చి, సున్నం కొట్టి, ముగ్గులు వేయిస్తారు, ముగ్గు తొక్కడానికి మనసొప్పదని. నిజమే, తొక్కరు. దూరంగా నిలబడి ముగ్గు మధ్యలో పడేలా గురి చూసి వేస్తారు. మర్నాడు మళ్లీ ఊడ్పు, మళ్లీ ముగ్గు. నివేదికలో ఇంకో అంకె.

ఆ ఊడ్చేవాళ్ల గురించి మాత్రం వెటకారం చేయబుద్ధి కాదు. తెల్లవారుజామున ఫ్లైఓవర్ మీద, వెనక నుంచి కార్లు దూసుకొస్తుంటే, ఒక రిఫ్లెక్టర్ జాకెట్టును నమ్ముకుని చీపురు పట్టే ఆడవాళ్లు ఈ నగరంలో వేలమంది. వాళ్లు ఎత్తిన చెత్త టన్నుల్లో అచ్చవుతుంది. వాళ్ల జీతం ఏ తారీఖున పడిందో, పడిందో లేదో, ఏ నివేదికలోనూ కనిపించదు.

కొత్తగా కట్టడానికి వీలుపడని ఏడాది పేరు మారిస్తే సరిపోతుంది. 2014లో అయిదు రూపాయల భోజనం అన్నపూర్ణ పేరుతో మొదలైంది. మంచి పథకం, ఆకలి తీర్చింది. 2025లో అవే క్యాంటీన్లు ఇందిరమ్మవి అయ్యాయి. పొద్దున టిఫిన్ కూడా చేర్చారు, అదీ అయిదు రూపాయలకే, మెచ్చుకోవాల్సిందే. బోర్డు మారినా పప్పు రుచి మారలేదని తినేవాళ్లు చెబుతున్నారు. ఆకలికి పార్టీ లేదు గనక వాళ్ల సాక్ష్యం నమ్మొచ్చు.

పేర్లు కూడా అయిపోతే సరిహద్దులున్నాయి. 2007లో పాత నగరపాలక సంస్థకు 12 పురపాలికలు, 8 పంచాయతీలు కలిపి ‘గ్రేటర్’ చేశారు. 2025 చివర్లో ఔటర్ రింగ్ రోడ్డు లోపలా అంచునా ఉన్న మరో 27 పురపాలికలను కలిపేశారు. వార్డులు 150 నుంచి 300 అయ్యాయి. ఒక్క గుంత పూడ్చకుండా, ఒక్క లారీ కదలకుండా, ఒక్క సంతకంతో నగరం ఎంత పెరిగిందో చూడండి! ఎవరూ ముట్టుకోని నాలాలెన్నో లెక్కలోకి వచ్చాయి. పూడిక టన్నుల విషయంలో ఇక చాలా ఏళ్లు దిగుల్లేదు.

చివరి పేజీ పన్నులది. ఏప్రిల్ నెలలోనే ఏడాది ఆస్తిపన్ను మొత్తం కట్టే బుద్ధిమంతుడికి 5 శాతం రాయితీ. ఏళ్ల తరబడి కట్టకుండా బకాయి పెంచుకున్న వాడికి, వన్ టైమ్ సెటిల్‌మెంట్ ప్రకటించిన ఏడాది, పేరుకున్న వడ్డీలో 90 శాతం మాఫీ. అలా వసూలైన పాత బకాయిలు ఆ ఏడాది నివేదికలో ఘనవిజయం. క్రమంగా కట్టిన వాడు ఏ విజయంలోనూ ఉండడు. ఈ లెక్క మా కాలనీలో అందరికంటే ముందు పట్టేసిన పెద్దాయన ఒకరున్నారు, రిటైర్డ్ లెక్కల మాస్టారు. కొన్నేళ్లుగా పన్ను కట్టడం మానేశారు. “మాస్టారూ, మీరు కూడా ఇలాగేనా?” అని అడిగితే ఏమాత్రం తడుముకోలేదు.

“తియ్యడానికి ఏదో ఒకటి ఉండాలి కదండీ. నగర ప్రగతికి నా వంతు పూడిక నేను పెడుతున్నాను.”