మై లాయ్‌లో నా కంటికి కనబడింది

నేను ఒక నికాన్ కెమెరాని. 1968 మార్చి 16న వియత్నాంలోని సోన్ మి గ్రామానికి, అమెరికన్లు మై లాయ్ అని పిలిచిన ఊరికి, ఒక సైనిక ఫొటోగ్రాఫర్ మెడలో వేలాడుతూ వెళ్లాను. ఆయన దగ్గర సైన్యం ఇచ్చిన లైకా కెమెరాలూ ఉన్నాయి. వాటి నలుపు తెలుపు ఫిల్ము సైన్యానికే చేరాలి. నేను మాత్రం ఆయన సొంతం, నాలో ఉన్నది కలర్ ఫిల్ము. అందుకే నేను చూసింది సైన్యం బీరువాలో పడకుండా 1969 నవంబరు 20న క్లీవ్‌లాండ్ పత్రికలో అచ్చయింది. ఆ రోజు గురించి సైన్యం మొదట చెప్పిన లెక్క: హతమైన శత్రువులు 128 మంది, దొరికిన తుపాకులు 3. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకుని చదివిన ఏ అధికారికైనా అప్పుడే అనుమానం రావాలి. వియత్నాం వాళ్ల లెక్కలో ఆ రోజు అమెరికన్ సైనికుల చేతుల్లో చనిపోయిన ఊరి జనం 504 మంది.

1970 నవంబరులో జార్జియాలోని ఫోర్ట్ బెన్నింగ్‌లో, ఆ హత్యలకు లెఫ్టినెంట్ విలియం కాలీ మీద కోర్టు మార్షల్ విచారణ మొదలైంది. పై అధికారి కెప్టెన్ మెదీనా చంపమన్నాడు, చంపాను అన్నాడు కాలీ. ఊరి జనాన్ని చంపమని తాను చెప్పలేదన్నాడు మెదీనా. నాకు చెవులు లేవు కాబట్టి ఎవరి మాట నిజమో తేల్చలేను. అయితే కాలీ నేరం తేలడానికి ఆ తగువు తేలనక్కర్లేదు. మామూలు తెలివి ఉన్న మనిషికి చట్టవిరుద్ధమని తెలిసిపోయే ఆజ్ఞ ముద్దాయిని కాపాడదని జడ్జి కెన్నెడీ జ్యూరీకి స్పష్టంగా చెప్పాడు. మరి ఆ ఊళ్లో మామూలు తెలివికి ఏం కనబడిందో నా ఫొటోల్లో చూడండి. ఒకదాంట్లో ఆడవాళ్లూ పిల్లలూ ఒకరినొకరు పట్టుకుని నిలబడ్డారు. ముందున్న పెద్దావిడ ముఖం ఏడుపుతో ముడుచుకుపోయింది. వెనక ఒక యువతి చంకలో బిడ్డను ఎత్తుకునే రవిక గుండీ పెట్టుకుంటోంది. ఎవరి చేతిలోనూ ఆయుధం లేదు. కాసేపటికే వాళ్లను కాల్చేశారు. ఆ గుంపును ఫలానా వాడే కాల్చాడని నేను అనడం లేదు. ఆ పొద్దున సైనికుల ఎదుట ఉన్నది ఎలాంటి మనుషులో చెబుతున్నాను. ఊరి జనాన్ని తోసిన గుంత దగ్గర కాలీ కాల్చాడని తోటి సైనికులే కోర్టులో సాక్ష్యం చెప్పారు.

అంతకుముందు వారాల్లో మందుపాతరలకు తోటివాళ్లు పోయారు, భయంతో కాల్చారు అంటారు కొందరు. ఆ భయాన్ని నేను కాదనను. పొదచాటున ఏదో కదిలితే తుపాకి పేలడానికి భయం కారణం కావచ్చు. పట్టుకొచ్చి, గుంతలోకి తోసి, పైనుంచి కాల్చడానికి కాదు. అదే పొద్దున హ్యూ థాంప్సన్ అనే అమెరికన్ పైలట్ సైనికులకూ ఊరివాళ్లకూ మధ్య హెలికాప్టర్ దింపాడు. మనవాళ్లే జనాన్ని కాల్చబోతే మనవాళ్లనే కాల్చమని తన గన్నర్‌కు చెప్పి, ఊరివాళ్లను బయటికి తరలించాడు. అప్పటికి థాంప్సన్ వయసు 24, కాలీ వయసూ 24. నా ఫొటోల్లో శవాలున్నాయి గానీ చంపుతున్న చేతులు లేవన్నది ఇంకో అభ్యంతరం. సైనికులు చంపుతుండగా తీసిన కొన్ని ఫొటోలను తానే నాశనం చేశానని నా యజమాని చాలా ఏళ్ల తర్వాత ఒప్పుకున్నాడు. ఆ ఫొటోలు ఉండి ఉంటే ముద్దాయిల వైపు మాట్లాడేవి కావు.

కాలీని బలిపశువును చేశారన్న మాటలో కొంత నిజముంది. అభియోగాలు ఎదుర్కొన్న సుమారు 26 మందిలో శిక్ష పడింది ఆయనొక్కడికే. మెదీనా నిర్దోషిగా బయటపడ్డాడు. కానీ పైవాళ్లు తప్పించుకుంటే వాళ్ల మీద కేసు గట్టిగా నడపాలి, కాల్చినవాణ్ణి వదలమనకూడదు. 1971 మార్చి 29న ఆరుగురు సైనికాధికారుల జ్యూరీ కనీసం 22 మంది హత్యకు కాలీని దోషిగా తేల్చింది, యావజ్జీవం పడింది. శిక్ష పడి రెండు రోజులు తిరక్కుండా అధ్యక్షుడు నిక్సన్ ఆయన్ను జైలు నుంచి సొంత క్వార్టర్స్‌కు మార్పించాడు. దాన్ని తప్పుపడుతూ ప్రాసిక్యూటర్ ఆబ్రీ డేనియల్ నిక్సన్‌కే ఉత్తరం రాశాడు. శిక్ష 20 ఏళ్లకు, తర్వాత 10 ఏళ్లకు తగ్గింది. మూడున్నరేళ్లు, చాలావరకు గృహనిర్బంధంలోనే గడిపి, 1974లో కాలీ విడుదలయ్యాడు.