వెయ్యి కడితే వంద

కాలనీల్లో ఇప్పుడు కొత్త హోదా గిగాబిట్ కనెక్షన్. సెకనుకు వెయ్యి మెగాబిట్ల ప్లాను తీసుకుంటారు. ఆ తర్వాత రూటరు కొనడానికి వెళ్లి యాంటెనాలు లెక్కపెడతారు. నాలుగుంటే నామోషీ, ఎనిమిదుంటే మనకు తగ్గది! దాన్ని వెనక్కి తిప్పి చూసే ఓపిక మాత్రం ఎవరికీ ఉండదు. అక్కడ పోర్టుల పక్కన 10/100 అని చీమ తలకాయంత అక్షరాలుంటాయి. అంటే బిల్లు ఎంత కట్టినా ఆ పోర్టు దాటి వంద మెగాబిట్లకు మించి ఒక్క చుక్క రాదని అర్థం. పైన పటారం, లోన లొటారం.

సరే, గిగాబిట్ రూటరే కొన్నారనుకుందాం. దానికి అటక మీది పాత స్విచ్ దుమ్ము దులిపి తగిలిస్తారు. అదీ వందదే. ఇక కేబుల్. గిగాబిట్‌కు లోపలి ఎనిమిది తీగలూ కావాలి. బిగించడానికి వచ్చిన కుర్రాడు నాలుగే కలిపి వెళ్తాడు. మిగతా నాలుగు వాస్తు కోసం వదిలాడేమో!

ఇంత చేసి రూటరును చెప్పుల స్టాండ్ కింద, ఇనుప బీరువా వెనక దాస్తారు, హాలు అందం చెడకూడదు కదా. పడకగదిలో మంచమెక్కి, రెండు గోడల అవతలి నుంచి, 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మీద, పాత ఫోన్లో స్పీడ్ టెస్ట్ పెడతారు. ముల్లు నలభై దగ్గర ఆగుతుంది.

అందుకే మొన్న మా ఎదురింటాయన ప్లాను రెట్టింపు చేయించుకున్నారు.